కలివి కోడి నేలలో మొక్కలు నాటకండి, కందకాలు తవ్వకండి: కడప చిట్టడవి గురించి ఒక బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ అటవీ శాఖ వన్యప్రాణి విభాగం అధికారులకు, జలవనరుల శాఖ ఇంజనీర్లకు, కడప జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారం.

2025 ఆగస్టులో కడప జిల్లా చిట్టడవిలో కలివి కోడి కూత రికార్డయింది. పదిహేనేళ్లకు పైగా గట్టి ఆధారం దొరకని పక్షి మళ్లీ పలికిందని పత్రికలన్నీ రాశాయి. సంతోషమే. కానీ ఇలాంటి వార్త వచ్చాక ఆఫీసుల్లో ఏం జరుగుతుందో మీకూ తెలుసు, మాకూ తెలుసు. ఒక పథకం తయారవుతుంది. దానికి నిధులొస్తాయి. మార్చి నెలాఖరులోగా అవి ఖర్చు కావాలి కాబట్టి చేతికి అలవాటైన పనులన్నీ అందులోకి వచ్చి చేరతాయి: చుట్టూ కందకం, లోపల నీటి గుంతలు, ఖాళీ కనిపించిన చోటల్లా మొక్కలు, ఒక వాచ్‌టవర్, దాని దాకా జీపు పోయే బాట. వేరే అడవిలో ఇవి మంచి పనులే కావచ్చు. ఈ పక్షి తిరిగే నేలలో మాత్రం దాన్ని వెళ్లగొట్టేవి ఇవే. అందుకే పథకం కాగితం మీదికి ఎక్కకముందే ఈ లేఖ రాస్తున్నాం.

మేం అడిగేది ఒక్కటే. ఈ చిట్టడవిలో పొదల మధ్య ఉండే ఖాళీ నేలను బీడుగా లెక్కకట్టడం మానండి. ఆ ఖాళీయే ఈ పక్షి ఇల్లు. దాన్ని నింపినా, మధ్యలో కోసినా నష్టం ఒక్కటే.

ఇంజనీర్ల కోసం రెండు మాటలు. కలివి కోడి అడుగు కన్నా కాస్త తక్కువ పొడవుండే పక్షి. రొమ్ము మీద రెండు గోధుమరంగు పట్టీలు, కంటిపైన తెల్లటి చార, చీకట్లో చూడ్డానికి పెద్ద కళ్లు. ఎగరగలదు గానీ బతుకంతా నేల మీదే. రాత్రిపూట పొదల సందుల్లో పరుగులు తీస్తూ చెదలనూ చీమలనూ ఏరుకు తింటుంది. 1848లో జెర్డాన్ అనే ఆంగ్లేయ వైద్యుడు దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. 1900లో అనంతపురం దగ్గర కనిపించాక 86 ఏళ్లు ఎవరి కంటా పడలేదు. ఇక అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ వెతుకుతున్న రోజుల్లో, సిద్ధవటం దాపున రెడ్డిపల్లికి చెందిన ఐతన్న రాత్రివేళ టార్చి వెలుగులో దాన్ని పట్టుకొచ్చాడు. 1988లో శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది, 464 చదరపు కిలోమీటర్లు. గూడు ఎలా కడుతుందో ఇప్పటికీ ఎవరూ చూసి రాసింది లేదు. గుడ్డు ఎలా ఉంటుందో తెలుసుకోవాలన్నా స్కాట్లాండ్‌లోని అబర్దీన్ విశ్వవిద్యాలయ మ్యూజియం దాకా పోవాల్సి వచ్చింది. 2013లో అక్కడి పాత సేకరణలో ఒక్క గుడ్డు దొరికింది. మన పక్షి గురించి మనకు తెలిసింది అంతే!

అభయారణ్యం అంత పెద్దది కదా, ఇంకేం కావాలి అని అడగొచ్చు. లంకమల అభయారణ్యంలో ఎక్కువ భాగం కొండ. ఈ పక్షి కొండెక్కదు. కొండ పాదం దగ్గర నేల సమతలమయ్యే చోట రేగు, కలివి, బలుసు, చండ్ర, బందారు పొదలు విడివిడిగా పెరిగే సన్నటి పట్టీలోనే ఉంటుంది. ఆ పట్టీ సరిగ్గా అభయారణ్యం సరిహద్దు గీత మీద పడుతుంది. సగం లోపల, సగం బయట. బయటి సగంలో రెవెన్యూ భూములు, డీకేటీ పట్టాలు (ప్రభుత్వం పేదలకు పంచిన భూములు), రైతుల మెట్ట చేలు. అంటే అటవీ శాఖ కాపాడుతున్న నేలలో పెద్ద భాగం ఈ పక్షికి పనికిరాదు, పనికొచ్చే నేలలో పెద్ద భాగం అటవీ శాఖ చేతిలో లేదు. ఉపగ్రహ చిత్రాలతో కడప జిల్లాలో కొంత ప్రాంతాన్ని పరిశీలించినప్పుడు 1991–2000 మధ్య, ఒక్క దశాబ్దంలోనే చిట్టడవి 11 నుంచి 15 శాతం తగ్గినట్టు తేలింది. పోయిన దానిలో ఎక్కువ సాగులోకి మారింది.

ఇప్పుడు కొలతలు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ, బ్రిటన్ శాస్త్రవేత్తలు కలిసి లంకమల చుట్టూ చేసి 2004లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, రెండు మీటర్ల కన్నా ఎత్తున్న పొదలు హెక్టారుకు 300 నుంచి 700 దాకా, రెండు మీటర్ల లోపు పొదలు హెక్టారుకు 1,000 కన్నా తక్కువ ఉన్నచోట కలివి కోడి ఉండే అవకాశం ఎక్కువ. అంతకు పలచనైతే ఉండదు, చిక్కబడినా ఉండదు. పెద్ద పొదల మధ్య సగటు దూరం లెక్కేస్తే నాలుగు నుంచి ఆరు మీటర్ల లోపు వస్తుంది. దాగడానికి పొద దగ్గర్లో ఉండాలి, పరుగెత్తడానికి సందు ఉండాలి. రెండూ కలిసిన నేల అది.

దీన్ని కొలవడానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. 10 మీటర్ల తాడు, ఒక మేకు, రెండు మీటర్ల కర్ర చాలు. మేకు పాతి తాడు గుండ్రంగా తిప్పితే 314 చదరపు మీటర్ల వలయం వస్తుంది. అందులో కర్ర కన్నా ఎత్తున్న పొదలు 10 నుంచి 22 దాకా ఉండాలి, కర్ర కన్నా పొట్టివి 31 మించకూడదు. ఇద్దరు మనుషులుంటే బీట్ ఆఫీసర్ స్థాయిలోనే ఈ పని అయిపోతుంది. 500 మీటర్ల చదరాలుగా మ్యాపును గళ్లు చేసి, ఒక్కో గడిలో కనీసం పది వలయాలు తీయండి. వలయం ఎక్కడ పడాలో ఆఫీసులోనే జీపీఎస్ అంకెలు చీటీ వేసినట్టు ఎంచి ఇవ్వాలి. అక్కడికి వెళ్లాక నచ్చినచోట మేకు పాతితే లెక్క చెడుతుంది, ఎందుకంటే మనిషి కాలు తెలియకుండానే బాట పక్కకి, నీడ పక్కకి పోతుంది. ఒకే మొదలు నుంచి నాలుగైదు కొమ్మలు లేస్తే అది ఒకే పొద. రెండు పొదలు అల్లుకుపోతే మొదళ్లు చూసి రెండుగా రాయాలి. ఏడాదికోసారి, ఆకు రాలిన వేసవిలో తీస్తే మొదళ్లు స్పష్టంగా కనపడతాయి.

ఇదే నేల ప్రభుత్వ లెక్కల్లో ఎలా కనిపిస్తుందో చూడండి. ఫారెస్ట్ సర్వే నివేదికలో చెట్ల తలకట్టు 10 శాతానికి తక్కువున్న అటవీ భూమి 'స్క్రబ్'. అది అటవీ విస్తీర్ణం లెక్కలోకి రాదు. దేశ బంజరు భూముల అట్లాసులో పొదల నేలకు ఏకంగా ఒక పద్దే ఉంది. కాబట్టి అడవి శాతం పెంచాలన్నా, వేరేచోట పోయిన అడవికి బదులు నాటాలన్నా అందరి చూపూ ముందు ఈ నేల మీదే పడుతుంది. మూడు మీటర్ల ఎడంలో నాటితే హెక్టారుకు 1,111 మొక్కలు. ఉన్న పొదలకు ఇవి అదనం. నాలుగైదేళ్లలో సందులన్నీ మూసుకుపోతాయి. కాగితం మీద అడవి పెరిగింది, కలివి కోడి నేల పోయింది. నిధులు కాంపా (పోయిన అడవికి బదులు అడవి పెంచే నిధి) నుంచి వచ్చినా ఉపాధి హామీ నుంచి వచ్చినా ఫలితం ఇదే.

కందకాల సంగతి ఇంకా చెడ్డది, ఎందుకంటే అవి చూడ్డానికి నీటి సంరక్షణలా ఉంటాయి. వాలుకు అడ్డంగా అర మీటరు లోతు కందకం తవ్వి మట్టిని కిందివైపు కట్టగా పోస్తారు. మొదటి వానకే ఆ కట్ట మీద తేమ నిలిచి గడ్డి, తంగేడు, సర్కారు తుమ్మ వరసగా లేస్తాయి. రెండేళ్లకు కందకమున్న ప్రతిచోటా ఒక కంచె మొలిచినట్టే. నిటారు అంచున్న ఆ కందకంలో పడ్డ నక్షత్ర తాబేలు పైకి ఎక్కలేదు. ఎండకాలంలో ఒక్క పగటికే చచ్చిపోవచ్చు. ఈ జాతి పక్షుల పిల్లలు గుడ్డులోంచి రాగానే నడుస్తాయి, ఎగరడానికి మాత్రం రోజులు పడుతుంది. వాటికి అర మీటరు గుంత అంటే గోడే. ఇప్పటికే తవ్వి ఉన్నచోట మళ్లీ యంత్రం పెట్టి పూడ్చొద్దు. పది మీటర్లకోచోట మీటరు వెడల్పున అంచును పారతో వాలుగా కొట్టిస్తే చాలు. మిగతాది నాలుగు వానలు చూసుకుంటాయి.

ఇక ముక్కలు కావడం గురించి. ఇంజనీర్లు ఈ పేరా నెమ్మదిగా చదవాలి. కిలోమీటరు పొడవు, కిలోమీటరు వెడల్పున్న చిట్టడవి తీసుకోండి, 100 హెక్టార్లు. అంచు నుంచి 100 మీటర్ల లోపలి దాకా కుక్కలు, మనుషుల అలికిడి, దీపాల వెలుగు చేరతాయని అనుకుందాం. అప్పుడు నిజంగా ప్రశాంతంగా ఉండే లోపలి నేల 64 హెక్టార్లు. మధ్యలోంచి కట్టలతో కలిపి 50 మీటర్ల వెడల్పున ఒక కాలువ పోయింది. దానికి అడ్డంగా 20 మీటర్ల రోడ్డు పడింది. రెండూ కలిపి తీసుకున్న నేల ఏడు హెక్టార్ల లోపే. లోపలి నేల మాత్రం 64 నుంచి 32కి పడిపోయింది. డీపీఆర్‌లో, అంటే ప్రాజెక్టు సవివర నివేదికలో, ఏడు హెక్టార్లే కనిపిస్తాయి, పరిహారం ఏడు హెక్టార్లకే కడతారు. పోయింది సగం. అందువల్ల ఈ ప్రాంతంలో ఏ పని డీపీఆర్‌కైనా 'సేకరించే భూమి' పట్టిక పక్కన 'పనికి ముందు లోపలి నేల, పనికి తర్వాత లోపలి నేల' అనే రెండు గడులు పెట్టమని కోరుతున్నాం. సర్వే డ్రాఫ్ట్స్‌మన్‌కి అది గంట పని.

ఇది ఊహకు రాసిన లెక్క కాదు. 2005లో తెలుగు గంగ కాలువ తవ్వకం లంకమల్లేశ్వర, పెనుశిల నరసింహ అభయారణ్యాల లోపలా పక్కనా ఈ పక్షి తిరిగే నేలలోకి వచ్చేసింది. పరిశోధకులు పొక్లెయిన్లను కళ్లారా చూసి గోల చేస్తే గానీ ఆగలేదు. విషయం సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ దాకా పోయి, కాలువ దారి మార్చాల్సి వచ్చింది. తర్వాత ప్రభుత్వం పక్షి కోసం దాదాపు 3,000 ఎకరాలు సేకరించింది. దేశంలో ఒక పొదల పక్షి కోసం ఇంత భూమి సేకరించడం అరుదు, ఆ సంగతి ఒప్పుకోవాల్సిందే. కానీ ఆ భూమిని సేకరించడంతో పని తీరలేదు. అందులో ఈరోజు పెద్ద పొదలు హెక్టారుకెన్ని, చిన్నవి ఎన్ని? పైన చెప్పిన తాడు లెక్క ముందు అక్కడ మొదలుపెట్టి, అంకెలు అందరికీ కనపడేలా పెట్టండి.

కాలువ నీళ్లను ఈ పక్షి ఎగిరి దాటగలదు కదా అనే ప్రశ్న జలవనరుల శాఖ నుంచి ఎప్పుడూ వస్తుంది. దాటగలదు. చెడిపోయేది నీళ్ల వల్ల కాదు, నీళ్ల వెంట వచ్చే వాటి వల్ల. మొదట తవ్విన మట్టి రెండు వైపులా గుట్టలవుతుంది, మన్ను చాలకపోతే పక్కనే మరో గుంత తవ్వుతారు. తర్వాత కట్ట మీద జీపు బాట పడుతుంది, ఆ బాటన బైకులు, కుక్కలు, రాత్రి లైట్లు వస్తాయి. ఊట దిగి పక్క నేల చిత్తడై సర్కారు తుమ్మ చిక్కగా అల్లుకుంటుంది. ఆఖరున కాలువలోకి మోటార్లు దిగుతాయి, మెట్ట చేను మాగాణి అవుతుంది లేదా తోట అవుతుంది. కర్నూలు దగ్గర రోళ్లపాడులో బట్టమేక పక్షి కథ ఇదే. అభయారణ్యం గీత లోపలి గడ్డి నేల అలాగే ఉంది. చుట్టూ సాగునీరొచ్చి మెట్ట పంటల తీరు మారాక బట్టమేక కనపడటమే గగనమైంది.

కాబట్టి కాలువ తప్పనిసరైతే మా సూచనలు ఇవి. దారి ఎంపికలో చిట్టడవి ముక్కను చీల్చకుండా, ఇప్పటికే ఉన్న పొలం గట్టు వెంటో రోడ్డు వెంటో పోనివ్వండి. పొడవు కాస్త పెరుగుతుంది, అంచు మాత్రం కొత్తగా పుట్టదు. డిస్ట్రిబ్యూటరీలు (పిల్ల కాలువలు) పొదల నేల దాటాల్సి వస్తే భూమిలో పూడ్చిన పైపే మేలు. పైపు వేసేటప్పుడు పైన ఉన్న 15–20 సెంటీమీటర్ల మన్ను విడిగా తీసి పెట్టి, పూడ్చాక దాన్నే మళ్లీ పైన పరచాలి. విత్తనం, చెదల పుట్టల మొదళ్లు అందులోనే ఉంటాయి. ఆపైన ఏమీ నాటొద్దు. చిట్టడవి దాటేంత మేరా ఒక్క తూము కూడా ఇవ్వొద్దు. తూము ఇచ్చిన చోట పొలం పుడుతుంది, దాన్ని తర్వాత ఎవరూ ఆపలేరు. మిగులు మట్టిని టిప్పర్లతో బయటికి తరలించే ఖర్చు ఎస్టిమేట్‌లో మొదటి రోజే రాయాలి. రాయకపోతే కాంట్రాక్టరు పొదల మీదే పోస్తాడు. తప్పు అతనిది మాత్రమే కాదు. చీకటి పడ్డాక పని, లైట్లు, కూలీల గుడిసెలు ఈ మేర దరిదాపుల్లో ఉండకూడదు.

ఇప్పటికే సిమెంటు లైనింగుతో ఉన్న కాలువల్లో పడ్డ కుందేలు, కొండగొర్రె, ముళ్లపంది బయటికి రాలేవు. ఒకటిన్నరకు ఒకటి వాలున్న నున్నటి సిమెంటు మీద, అందులోనూ పాచి పట్టాక, గిట్టా నిలవదు, గోరూ నిలవదు. ఎక్కడానికి వాలు మెట్లు కట్టమంటే చాలాచోట్ల మూడు పొరపాట్లు చేస్తారు. లైనింగు లాగే నున్నగా పూస్తారు. ఒకే వైపు కడతారు. నిండు నీటి మట్టం దగ్గర మొదలుపెడతారు, నీళ్లు తగ్గిన రోజున మెట్టు గాల్లో వేలాడుతుంది. వాలు కాలువ అడుగు నుంచే మొదలవ్వాలి, మూడుకు ఒకటి కన్నా నిటారు కాకూడదు. రెండు మీటర్ల వెడల్పు, పైన గరుకు రాయి. 200–250 మీటర్లకోచోట రెండు వైపులా ఉండాలి. వాలుకు దిగువన నీటికి ఏటవాలుగా తేలే తాడు ఒకటి కడితే కొట్టుకొచ్చిన జంతువు దాని వెంటే వాలు దగ్గరికి చేరుతుంది. వాగును కాలువ మీదుగా దాటించే సూపర్ పాసేజీలు ఉన్నచోట పక్కగోడల మధ్య వెడల్పు పెంచి, ఒక పక్క మన్ను పోసి వదిలేస్తే అదే నేలమీది జంతువులకు వంతెన. కొత్తది కట్టే ఖర్చులో ఇది ఎన్నో వంతు!

సోలార్ పార్కులకూ హైటెన్షన్ లైన్లకూ ఇదే లెక్క వర్తిస్తుంది. 'బంజరు' అనే పద్దు చూసి స్థలం ఎంచే ముందు పొదల లెక్క అడగండి, అంతే.

పశువుల విషయంలో అటవీ శాఖ సహజ ధోరణి నిషేధం. ఇక్కడ అది పనిచేయదని మా గట్టి అభిప్రాయం. ఈ పక్షి దొరికిన నేలంతా తరతరాలుగా మేకలు, బర్రెలు మేసిన నేల, కట్టెలు కొట్టుకున్న నేల. ఆ వాడకమే సందులను తెరిచి ఉంచింది. పూర్తిగా ఆపితే కొన్నేళ్లలో పొదలు కలిసిపోతాయి, మితిమీరితే పెద్ద పొదలే మిగలవు. అందుకే తాడు లెక్కను బట్టి పోదాం. గడిలో చిన్న పొదలు హెక్టారుకు 1,000 దాటితే మేతకు వదలండి. పెద్దవి 300 కిందికి దిగితే రెండు మూడేళ్లు ఆ గడిలో కట్టె కొట్టడం ఆపండి, పక్క గడి చూపించండి. ఏ గడి తెరిచి ఉందో ఏది మూసి ఉందో వన సంరక్షణ సమితితో కూర్చుని ఏటా వేసవిలో తేల్చాలి, ఊళ్లో గోడ మీద రాయాలి. కాపరుల దగ్గర ఒక్కటే కోరాలి: కుక్కలను చీకటి పడ్డాక చిట్టడవిలో వదలొద్దని. సర్కారు తుమ్మ దూరిన చోట మాత్రం దయ అక్కర్లేదు. పైన నరికితే పది కొమ్మలై లేస్తుంది. నేలకు 20–30 సెంటీమీటర్ల లోతున వేరు మొదలు తెగ్గొట్టాలి, అదీ కాయ పండకముందే. కాయ తిన్న పశువు పేడలో విత్తనం ఊరంతా తిరుగుతుంది. జేసీబీతో పెకిలిస్తే కదిలిన మట్టిలో మరింత మొలుస్తుంది, కాబట్టి గడ్డపారే వాడాలి.

ముక్కలను కలపడం అంటే అన్నిచోట్లా భూమి కొనడం కాదు. ముందు మ్యాపు కావాలి. చిట్టడవి ముక్కల మ్యాపు మీద రెవెన్యూ సర్వే నంబర్లు, ఎఫ్‌ఎంబీ (పొలాల కొలతల పుస్తకం) గీతలు వేసి చూస్తే, రెండు ముక్కల మధ్య అర కిలోమీటరు లోపు ఎడం ఉన్న చోట్లు బయటపడతాయి. ఆ ఎడంలో ఏది ప్రభుత్వ బీడు, ఏది పట్టా భూమి, అందులో ఏది సాగు లేక పడి ఉంది అన్నది వీఆర్వో, బీట్ ఆఫీసర్ కలిసి నడిస్తే తేలిపోతుంది. ప్రభుత్వ భూమిని వన్యప్రాణి సంరక్షణ చట్టం 36ఎ కింద కన్జర్వేషన్ రిజర్వు చేయొచ్చు. రైతులు తమంతట తాము ముందుకొస్తే పట్టా భూమికి 36సి కింద కమ్యూనిటీ రిజర్వు దారి ఉంది. రెంటిలోనూ స్థానికులతో మాట్లాడటం ముందు, నోటిఫికేషన్ తర్వాత. తిరగేసి చేస్తే ఊరు ఎదురు తిరుగుతుంది, తిరగాలి కూడా. మిగతా చోట్ల ఏటా కౌలు ఇవ్వండి. షరతులు మూడు చాలు: చదును చేయొద్దు, బోరు వేయొద్దు, గట్ల మీది కలివి, రేగు కొట్టొద్దు. మెట్ట పంట వేసుకుంటే వేసుకోనివ్వండి. కౌలు డబ్బు ఏటా ఒకే నెలలో అందాలి. రెండేళ్లు ఆలస్యమైతే మూడో ఏడు అక్కడ నిమ్మతోట ఉంటుంది, రైతును అనడానికి మనకు నోరుండదు.

వెతకడం ఎలా అన్నది ఆఖరు సంగతి. కలివి కోడి పొద్దుగూకిన 45–50 నిమిషాలకు కూయడం మొదలుపెడుతుంది. ఆ కూత కొన్ని నిమిషాలు, మహా అయితే ఇరవై నిమిషాలు సాగి ఆగిపోతుంది. ఆ కిటికీ దాటాక ఎంత రాత్రి తిరిగినా వినపడనందుకు 'లేదు' అని రాయకూడదు. ఆటోమేటిక్ ఆడియో రికార్డర్లను పొద్దుగూకే వేళ నుంచి గంటన్నర నడిచేలా పెట్టి, ఒక్కో చోట కనీసం వారం ఉంచాలి. గాలి ఎక్కువున్న రాత్రుల రికార్డింగును లెక్కలోంచి తీసేయాలి. దీనికి తోడు కాలి ముద్రల పట్టీలు. పొదల సందులో ఐదు మీటర్ల పొడవు, పావు మీటరు వెడల్పున నేల చదును చేసి, జల్లించిన మెత్తటి మన్ను పలచగా పరచాలి. సాయంత్రం చదును చేసి తెల్లవారగానే, ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడే చూడాలి. కలివి కోడికి వెనక వేలు లేదు, ముందు మూడే. కౌజు పిట్టల ముద్రల్లో వెనక వేలు పడుతుంది. అయితే మూడు వేళ్లున్న పక్షులు ఇంకా ఉన్నాయి కాబట్టి ముద్ర పక్కన స్కేలు పెట్టి నిలువుగా ఫొటో తీయకుండా ఎవరి మాటా నమ్మొద్దు. ముద్ర దొరికిన చోట నేలకు జానెడు ఎత్తులో కెమెరా ట్రాప్ పెట్టండి. పులికి పెట్టే ఎత్తున పెడితే దీని తల మీదుగా పోతుంది.

కూత వార్త వచ్చినప్పటి నుంచి కెమెరాలు పట్టుకుని కడప బస్సెక్కేవాళ్లు ఉంటారు. రికార్డు చేసిన కూతను ఫోనులో మళ్లీ మళ్లీ వినిపించి పక్షిని రప్పించే అలవాటు పక్షి ప్రియుల్లో ఉంది. ఇంత కొద్ది పక్షులున్న జాతి విషయంలో దాన్ని పర్మిట్ ఉన్న సర్వేకు తప్ప ఎవరికీ అనుమతించకండి. విన్న చోటి జీపీఎస్ అంకెలను ప్రెస్ నోట్లలో ఇవ్వొద్దు. గైడు కావాలంటే ఊరివాళ్లనే తీసుకోండి. ఈ పక్షిని మళ్లీ లోకానికి చూపించింది ఊరివాళ్లే.

మాకు మీ నుంచి రాతపూర్వకంగా కావలసినవి ఇవి. రాబోయే వేసవి లోపు సేకరించిన 3,000 ఎకరాల్లోనూ, అభయారణ్యం పాద పట్టీలోనూ పొదల లెక్క పూర్తి కావాలి. అది అయ్యేదాకా కడప, బద్వేలు, సిద్ధవటం వైపు కొండ పాదాల్లో ఏ పథకం కింద అయినా సరే మొక్కలు నాటడం, కందకాలు తవ్వడం నిలిపేయమని డీఎఫ్‌ఓ నుంచి సెక్షన్ స్థాయి దాకా సర్క్యులర్ పంపండి. ఉపాధి హామీ పనుల జాబితాను మండలాల్లో మరోసారి సరిచూడండి, ఎందుకంటే ఆ పనులు అటవీ శాఖ కళ్లబడకుండానే మంజూరవుతుంటాయి. జలవనరుల శాఖ ఈ మేరలో పెండింగులో ఉన్న కాలువ పనులు, తూములు, మరమ్మతుల జాబితాను సర్వే నంబర్లతో సహా కలెక్టర్ కార్యాలయంలో ఉంచాలి. పొదల లెక్క ఫారం, కొలిచే పద్ధతి, బీట్ సిబ్బందికి ఒక రోజు శిక్షణ మేం ఇస్తాం. తాళ్లు, కర్రలు మీవి.

ఇట్లు,
చిట్టడవి పక్షుల మీద, వాటి నేల మీద పనిచేసేవాళ్లం
కడప